కారు ఆపిన ప్రతిసారీ హ్యాండ్ బ్రేకు వేయాలా? మేనకోడలికి మామయ్య లేఖ

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. కొత్త కారు ఆటోమేటిక్ అని, గేరు ‘పి’లో, అంటే పార్క్‌లో, పెట్టాక మళ్లీ హ్యాండ్ బ్రేకు ఎందుకని ఆఫీసులో నిన్ను ఆటపట్టిస్తున్నారని రాశావు. నేల చదునుగా ఉంటే అవసరం లేదని ఒకరు, అస్తమానం లాగితే బ్రేకు కేబుల్ సాగిపోతుందని ఇంకొకరు, ఆగి ఉన్న బండికి బ్రేకు ఏమిటని మరొకరు. మీ ఆఫీసులో కార్ల గురించి తెలియనివాళ్లు ఒక్కరూ లేనట్టున్నారు.

నా జవాబు ముందే చెబుతాను. వేయాలి, ప్రతిసారీ వేయాలి. వేయకూడని సందర్భాలు ఒకటి రెండు ఉన్నాయి, వాటి దగ్గరకు తరవాత వస్తాను. అయితే వేశావా లేదా అన్నదానితో పాటు ఎప్పుడు వేశావన్నది కూడా చూసుకోవాలి. చాలామంది ‘పి’లో పెట్టి, కాలు తీసేసి, ఇంజను ఆపి, దిగబోతూ గుర్తొస్తే బ్రేకు లాగుతారు. అలా లాగిన బ్రేకు సగానికి సగం దండగ.

‘పి’లో పెడితే లోపల ఏం జరుగుతుందో తెలిస్తే నీకే అర్థమవుతుంది. గేరుబాక్సులో చక్రాలకు శక్తిని పంపే షాఫ్టు మీద పళ్లున్న ఉక్కు వలయం ఒకటి ఉంటుంది. గేరు ‘పి’లోకి రాగానే వేలెడంత ఉక్కు నాలుక ఒకటి వచ్చి ఆ పళ్ల సందులో పడుతుంది. దాంతో షాఫ్టు తిరగదు, చక్రాలూ తిరగవు. అది బ్రేకు కాదు, తలుపు గడియ లాంటిది. రాత్రంతా ఎవరో తలుపును తోస్తున్నా గడియ ఊడిపోకపోవచ్చు, కానీ రోజూ ఆ పని దానిచేత చేయించడం దేనికి?

వాలు మీద కారు ఆపినప్పుడు ఒకసారి గమనించు. హ్యాండ్ బ్రేకు వేయకుండా ‘పి’లో పెట్టి బ్రేకు పెడల్ మీది నుంచి కాలు తీస్తే, కారు రెండు మూడు అంగుళాలు జారి ‘టక్’మని ఆగుతుంది. ఆ నాలుక ఒక పంటికి వెళ్లి ఆనుకున్న చప్పుడది. ఇక నువ్వు తిరిగి వచ్చేవరకు బండి బరువు ఆ వేలెడంత ముక్క మీదే ఉంటుంది. మర్నాడు పొద్దున గేరు తీయబోతే మీట బిర్రబిగుసుకుని ఉంటుంది. గట్టిగా లాగితే ‘ఢక్’మని ఊడి వస్తుంది. ఆ శబ్దం విన్నప్పుడల్లా నాకు పళ్లు జివ్వుమంటాయి.

ఆ బరువు ఎంతో చూద్దాం. కారు 1,200 కిలోలు ఉందనుకో. నూరు మీటర్లకు 5 మీటర్లు దిగే వాలు మీద, అంటే చూడడానికి మామూలుగానే అనిపించే దారిలో, దాన్ని కిందికి లాగే బలం 60 కిలోల బరువుతో సమానం. నూరు మీటర్లకు 20 మీటర్ల వాలైతే అది 235 కిలోలు దాటుతుంది. ఆ 20 శాతం అన్న అంకె ఊరికే చెప్పలేదు. కార్ల బ్రేకులకు అంతర్జాతీయంగా పాటించే నిబంధన ప్రకారం, పూర్తి బరువుతో ఉన్న కారును హ్యాండ్ బ్రేకు ఒక్కటే అంత వాలు మీద, ఎగువకు తిరిగి ఉన్నా దిగువకు తిరిగి ఉన్నా, పట్టి నిలపగలగాలి. నిలపడం కోసమే చేసిన పరికరం చేతికి అందేంత దూరంలో ఉండగా గడియను నమ్ముకోవడం ఎందుకన్నది నా వాదన.

‘నేల చదునుగా ఉంటే’ అన్నవారికి ఒక మాట. టైరు దొర్లకుండా నేల పట్టి ఉంచే శక్తి చాలా తక్కువ, కారు బరువులో దాదాపు ఒకటి, ఒకటిన్నర శాతం. అంటే నూరు మీటర్లకు 2 మీటర్ల వాలు ఉన్నా చాలు, న్యూట్రల్‌లో ఉన్న కారు తనంతట తాను కదులుతుంది. ఆ 2 మీటర్ల వాలు మన కంటికి ఆనదు. పైగా వాన నీరు నిలవకూడదని రోడ్లకూ పార్కింగ్ స్థలాలకూ కాస్త వాలు ఇచ్చే కడతారు. చదును అనుకున్న ప్రతి చోటా నీళ్లు ఎటు పారతాయో కనిపెట్టడం కంటే బ్రేకు లాగడం సులువు.

ఇప్పుడు వరుస చెబుతాను, జాగ్రత్తగా చదువు. కారు ఆగాక కుడికాలు పెడల్ మీదే ఉంచి గేరు న్యూట్రల్‌కు తీసుకురా. హ్యాండ్ బ్రేకు గట్టిగా వెయ్యి. ఇప్పుడు కాలు నెమ్మదిగా సడలించు. కారు ఒకింత ఒరిగి, బ్రేకు మీద కుదురుకుంటుంది. అది కుదురుకున్నాక పెడల్ మళ్లీ నొక్కి గేరు ‘పి’లో పెట్టి, ఇంజను ఆపు. ఇలా చేస్తే బరువంతా బ్రేకు మోస్తుంది, ఉక్కు నాలుక ఊరికే అడ్డుగా ఉంటుంది. బయలుదేరేటప్పుడు దీనికి తిరగేసి: పెడల్ నొక్కి, ఇంజను స్టార్ట్ చేసి, ముందు ‘పి’ నుంచి గేరు తీసి, ఆ తరవాతే హ్యాండ్ బ్రేకు వదలాలి. బ్రేకు ముందు వదిలితే బరువు మళ్లీ నాలుక మీదికే వెళుతుంది, పడ్డ శ్రమంతా వృథా. రాయడానికి ఇంత పట్టింది గానీ, చేయడానికి నాలుగు క్షణాలు చాలు.

మీ నాన్న కారు మాన్యువల్ కాబట్టి అతనికీ చదివి వినిపించు. మాన్యువల్‌లో ‘పి’ ఉండదు. గేరు వేసి ఇంజను ఆపితే సిలిండర్లలో చిక్కిన గాలి ఒత్తిడి చక్రాలను ఆపుతుంది. కానీ ఆ గాలి పిస్టన్ రింగుల పక్క నుంచి మెల్లగా జారిపోతుంది, బండి గంటకింత చొప్పున వాలులోకి పాకే అవకాశం ఉంది. అందుకని బ్రేకూ కావాలి, గేరూ కావాలి. ముక్కు ఎగువకు ఉంటే ఫస్ట్ గేరు, దిగువకు ఉంటే రివర్స్. టాప్ గేరులో వదిలితే ఆ పట్టు చాలా బలహీనం.

క్లచ్ పెడల్ లేని ఏఎంటీ కార్లు కొన్ని ఉన్నాయి. నడపడానికి ఆటోమేటిక్‌లాగే ఉంటాయి, కానీ లోపల ఉన్నది మాన్యువల్ గేరుబాక్సే, వాటిలో చాలావాటికి ‘పి’ ఉండదు. వాటిని న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మరిచిపోతే ఆపేది ఏదీ లేదు. ఎలక్ట్రిక్ కార్లలో మోటారుకు గాలి ఒత్తిడి అన్నదే లేదు కనుక గేరు పట్టు ఆశించకూడదు. కొన్నింటిలో ‘పి’ నొక్కితే పార్కింగ్ బ్రేకే, అంటే హ్యాండ్ బ్రేకే, పడుతుంది, కొన్నింటిలో విడిగా వేయాలి. నీ కారుతో వచ్చిన పుస్తకంలో ఆ ఒక్క పేజీ చదువు. ఆ పుస్తకం అట్ట కూడా తెరవకుండా కారు అమ్మేసేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు.

అన్నిటికంటే పెద్ద కారణం వేరే ఉంది. మనం ‘పి’లో పెట్టామనుకుంటాం, నిజానికి అది ‘పి’లో పడి ఉండదు. అమెరికాలో ఫోర్డ్ కార్లు పార్క్ నుంచి రివర్స్‌లోకి జారిపోతున్నాయని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 1980 చివర ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ కంపెనీ సుమారు 2.3 కోట్ల బండ్ల యజమానులకు డ్యాష్‌బోర్డు మీద అంటించుకోమని స్టిక్కర్లు పంపింది. గేరు సరిగ్గా పార్క్‌లో పడిందో లేదో చూసుకోండి, పార్కింగ్ బ్రేకు పూర్తిగా వేయండి, ఇంజను ఆపండి అని వాటి సారాంశం. తరవాత 2016లో ఫియట్ క్రైస్లర్ ఇదే తరహా చిక్కుతో 11 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిపించింది. ఆ కార్లలో గేరు మీట నెట్టి వదిలితే మళ్లీ మధ్యలోకే వచ్చేస్తుంది, ఏ గేరులో ఉందో చేతికి తెలియదు. పార్క్‌లో పెట్టామనుకుని దిగినవారి మీదికే బండ్లు దొర్లివచ్చాయి. దిగే ముందు చేయి హ్యాండ్ బ్రేకు మీదికి వెళ్లే అలవాటు ఉంటే ఇలాంటి పొరపాటుకు రెండో కాపలా ఉన్నట్టే. ఆ అలవాటు వాలు చూసి వేయడం, చదును చూసి మానడం అయితే నిలవదు. ఏ రోజు పరధ్యానంగా ఉంటావో ఆ రోజే అది ఎగిరిపోతుంది.

కేబుల్ సాగిపోతుందన్న భయం సంగతి. వాడితే కొంత సాగుతుంది, సర్వీసింగ్‌లో బిగించడానికి దానికి ఏర్పాటు ఉంటుంది. వాడకపోతే జరిగేది అంతకంటే ఇబ్బంది. కేబుల్ మీది గొట్టంలోకి తేమ చేరి అది తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. నెలల తరబడి ముట్టుకోని బ్రేకును అవసరం వచ్చిందని ఒకరోజు లాగితే, ఒకోసారి పట్టుకోదు, ఒకోసారి పట్టుకుని వదలదు. రెండోది దారి మధ్యలో జరిగితే చూడాలి ముచ్చట.

లాగేటప్పుడు మీట చివరి బటన్ నొక్కాలా, లేక ‘టిక్ టిక్’మని లాగాలా అన్న పంచాయితీ ఎప్పటికీ తెగదు. నొక్కి లాగితే మీటను పట్టి ఉంచే పళ్లు అరగవని ఒక వర్గం, నొక్కకుండా లాగితేనే పంటిలో సరిగ్గా కూర్చుంటుందని మరో వర్గం. నేను నొక్కకుండానే లాగుతాను. నువ్వు నొక్కి లాగినా సరే, బటన్ వదిలాక ఇంకొంచెం పైకి లాగి అది పంటిలో పడిందో లేదో చూసుకో. ఇదివరకటి కంటే ఎక్కువ ‘టిక్’లు వినిపిస్తుంటే కేబుల్ బిగించాల్సిన వేళ వచ్చిందన్నమాట.

ఇప్పుడు వేయకూడని సందర్భాలు. ఒకటి, గడ్డకట్టే చలి. కేబుల్ గొట్టంలో నీరున్నా, బ్రేకు షూలు (చక్రంలోని డ్రమ్మును లోపలి నుంచి ఒత్తిపట్టేవి) తడిగా ఉన్నా రాత్రికి మంచుగా మారి పట్టేస్తాయి. అలాంటి చోట చదును నేల చూసుకుని, ‘పి’లోనో గేరులోనో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాలి. రెండోది, కారు నెలల తరబడి కదలదని తెలిసినప్పుడు. ప్యాడ్లు డిస్క్‌కు, షూలు డ్రమ్ముకు తుప్పుతో అంటుకుపోతాయి. అప్పుడూ దిమ్మలే మేలు. కారు కడిగిన రాత్రి బ్రేకు వేస్తే, పొద్దున బయలుదేరగానే వెనక చక్రాల దగ్గర ‘టప్’మని ఒక శబ్దం రావచ్చు. అది పలచటి తుప్పు పొర విడిపోయిన చప్పుడు, కంగారుపడకు. కడిగాక కాస్త దూరం నడిపి, బ్రేకులు రెండు మూడుసార్లు నొక్కి ఆరనిచ్చి పార్క్ చేస్తే అదీ ఉండదు. ఒకవేళ బిగుసుకుపోతే యాక్సిలరేటర్ తొక్కేయకుండా ముందుకూ వెనక్కీ మెల్లగా కదిలించి చూడు.

దీనికి ఎదురు సందర్భమూ ఉంది. కొండ దారిలో చాలాసేపు బ్రేకులు తొక్కుతూ దిగి, వెంటనే ఆపావనుకో. డిస్కులు కాలిపోతుంటాయి. అవి చల్లారేకొద్దీ కుంచించుకుని, ప్యాడ్ల పట్టు సడలుతుంది. అక్కడ మీటను ఇంకో ‘టిక్’ ఎక్కువ లాగి, గేరూ ఉంచి దిగాలి. స్విచ్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ బ్రేకులు కొన్ని ఆ పని వాటంతట అవే చేసుకుంటాయి. కారు ఆపి వెళ్లిన కాసేపటికి వెనక చక్రం దగ్గర ‘గుర్ర్’మని వినిపిస్తే అదే. ఈ రకం బ్రేకుతో ఒక చిక్కు ఉంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే స్విచ్ నొక్కినా వదలదు, కారును తోయడానికీ వీలుండదు. బ్యాటరీ పాతబడ్డాక అది గుర్తుపెట్టుకో.

నిటారు వాలు మీద స్టీరింగ్ కూడా తిప్పి ఉంచాలి. దిగువకు ముఖం పెట్టి ఆపితే ముందు చక్రాలు రోడ్డు అంచు వైపు, ఎగువకు ఆపితే, అంచున గట్టు ఉంటే రోడ్డు మధ్య వైపు తిప్పాలి. జారితే చక్రం గట్టుకు తగిలి ఆగుతుంది. గట్టు లేకపోతే ఎటు ముఖం పెట్టినా అంచు వైపే తిప్పు, జారినా నడిరోడ్డు మీదికి రాదు.

డ్యాష్‌బోర్డులో గుండ్రటి గీత మధ్య ఆశ్చర్యార్థకంతో ఎర్ర దీపం ఉంటుంది చూడు, బ్రేకు వదిలాక అది ఆరిపోవాలి. ఆరకపోతే బ్రేకు పూర్తిగా వదల్లేదనుకుని ఊరుకోకు. చాలా కార్లలో బ్రేకు ఆయిల్ తగ్గినా వెలిగేది ఆ దీపమే. 

ఈ సెలవు రోజున ఒక పరీక్ష చెయ్యి. ముందూ వెనకా మనుషులు, బండ్లు లేని కొద్దిపాటి వాలు చూసుకో. కాలు పెడల్ మీద ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, నువ్వు రోజూ వేసేంత బలంతోనే హ్యాండ్ బ్రేకు వెయ్యి. ఆపైన కాలు మెల్లగా ఎత్తు, పూర్తిగా దూరం తీయకు. కారు అలాగే నిలబడితే సరే. పాకడం మొదలుపెడితే వెంటనే పెడల్ నొక్కి, మర్నాడే సర్వీసింగ్‌కు ఇచ్చి కేబుల్, షూలు చూడమను. ఫలితం ఏమైందో నాకు ఫోను చేసి చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య