ఫోన్‌లోనే మ్యాపు ఉన్నప్పుడు జాతీయ మ్యాపింగ్ సంస్థలు ఇంకా అవసరమా?

గూగుల్ మ్యాప్స్, వలంటీర్లు కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉండగా సర్వే ఆఫ్ ఇండియా, బ్రిటన్‌లోని ఆర్డ్నెన్స్ సర్వే లాంటి సంస్థలకు ఇంకా పనేముంది అని అడిగారు. చాలా ఏళ్లుగా జీఐఎస్‌లో, అంటే మ్యాపుల సమాచారాన్ని కంప్యూటర్లో విశ్లేషించే రంగంలో, ఎక్కువగా నీటి పైపులైన్ల డేటాతో పనిచేస్తున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా: పని తగ్గలేదు. మ్యాపు గీయడం వెనక్కి పోయి, అందరి మ్యాపులకూ ఆధారమయ్యే కొలతలను కాపాడటం ముందుకొచ్చింది.

ఒక ప్రాజెక్టులో పాత పైపులైన్ల లేయర్‌ని కొత్త రోడ్ల లేయర్ మీద వేసి చూశాం. రోడ్డు అంచున ఉండాల్సిన పైపు వరసగా ఇళ్ల గోడల్లోంచి పోతోంది! రెండు సర్వేలూ సరిగ్గానే చేశారు. కాకపోతే రెండిటి డేటమ్ వేరు. అంటే భూమి ఆకారాన్ని ఎలా తీసుకోవాలి, అక్షాంశ రేఖాంశాలను దేన్నిబట్టి లెక్కించాలి అనే ప్రాతిపదికే వేరన్నమాట. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే విలువలు జాతీయ సంస్థ దగ్గరే దొరికాయి. అవి వేశాక పైపు మళ్లీ రోడ్డు పక్కకి వచ్చింది. అప్పటిదాకా ఎక్కడ తవ్వాలో చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

ఆ ప్రాతిపదిక కూడా ఒకసారి పెట్టేసి వదిలేసేది కాదు. ఆస్ట్రేలియా ఖండం ఏటా దాదాపు 7 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. 1994 నాటి డేటమ్‌కి, 2020 నాటి అసలు స్థానానికి మధ్య దాదాపు 1.8 మీటర్ల తేడా వచ్చింది. అందుకే జీడీఏ2020 అనే కొత్త డేటమ్ తెచ్చారు. దారి వెతుక్కునేవాళ్లకి ఈ తేడా తెలియను కూడా తెలియదు. జీపీఎస్‌తో తనంతట తాను నడిచే ట్రాక్టరుకి మాత్రం అది పంట వరసల్నే తొక్కేసేంత తేడా.

ఎత్తుల విషయం ఇంకా కీలకం. జీపీఎస్ నేరుగా లెక్కించే ఎత్తు ఎలిప్సాయిడ్ అనే గణిత రూపం (భూమిని కాస్త నొక్కిన గోళంగా తీసుకునే నమూనా) నుంచి వస్తుంది. నీళ్లు పారేది గురుత్వాకర్షణని బట్టి, దాన్ని చూపే ఉపరితలం జియాయిడ్, అంటే దాదాపుగా సగటు సముద్రమట్టం. శ్రీలంకకు దక్షిణాన సముద్రంలో ఈ రెండిటి మధ్య తేడా 100 మీటర్లు దాటుతుంది. అన్నిచోట్లా ఒకే తేడా ఉంటే తీసేసి సరిపెట్టుకోవచ్చు, కానీ చోటుని బట్టి మారుతుంది. అందుకే నేల మీద గురుత్వాకర్షణ కొలిచి జియాయిడ్ మోడల్ తయారుచేయాలి. వరద నీరు ఎటు మళ్లుతుందో తేల్చేవాళ్లకి ఇది లేనిదే గడవదు. ట్రాఫిక్ చూపించే యాప్‌కి దీంతో అవసరమే లేదు, కాబట్టి ఆ కంపెనీలు దీనికి డబ్బు పెడతాయని నేను అనుకోను.

వేగంలో మాత్రం సంస్థలు వెనకబడ్డ మాట నిజం. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూసి రోజుల్లోనే రాజధాని పోర్టొప్రిన్స్ వీధులు గీసిపెట్టారు. అలాంటి వాళ్లతో కలిసి పనిచేయడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

డేటా దాచుకునే అలవాటు కూడా పోతోంది. అమెరికా 2008లో ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను ఉచితం చేసింది, ఆర్డ్నెన్స్ సర్వే 2010లో చాలా డేటా తెరిచింది. భారత్ 2021లో దేశీయ సంస్థలకు మ్యాపింగ్ అనుమతుల బెడద తీసేసింది. ఇవన్నీ నాలాంటివాళ్లకి ఎంతో మేలు చేశాయి. కానీ డేటా అమ్మకాల ఆదాయం పోయిన చోట కంట్రోల్ పాయింట్లు (స్థానం కచ్చితంగా కొలిచిపెట్టిన గుర్తులు), బేస్ స్టేషన్ల (జీపీఎస్ సంకేతాలను నిరంతరం నమోదుచేసే కేంద్రాల) నిర్వహణకి బడ్జెట్ నుంచే డబ్బు రావాలి. బయటికి కనిపించని ఖర్చు కాబట్టి కోత పడితే ముందు దానిమీదే పడుతుందేమోనని నా టెన్షన్.