సెల్లార్‌లో ఊట నీరు: మోటారు కన్నా ముందు గుంత

ప్రశ్న: వాన గట్టిగా పడితే మా సెల్లార్‌లో గోడ, నేల కలిసే చోట నీరు ఊరుతోంది. ఒక మూల గుంత తీసి మోటారు పెట్టిద్దామనుకుంటున్నాం. గుంత ఎంత ఉండాలి? ఒక హార్స్‌పవర్ మోటారు సరిపోతుందా?

జవాబు: హార్స్‌పవర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు గుంత. మంచినీళ్లు నిలవచేసుకునే సంపు లాంటిది కాదిది. ఊట నీరు చుట్టూ ఉన్న మట్టిలోంచి ఇందులోకి దిగాలి. కాబట్టి సిమెంటు పూతతో మూసేయకూడదు.

నేల బాగా పల్లంగా ఉన్న చోట, పునాది అంచుకు కనీసం 30 సెం.మీ. ఎడంగా తవ్వండి. పునాది అడుగుకన్నా గుంత లోతుగా దిగేటట్టయితే ఇంకా దూరం జరపాలి. 60 సెం.మీ. వ్యాసం, 75 సెం.మీ. లోతు ఉన్న చిల్లుల ప్లాస్టిక్ తొట్టి తెచ్చుకోండి. తవ్వేటప్పుడు చుట్టూ 10 సెం.మీ., అడుగున 15 సెం.మీ. ఎక్కువ తీసి, ఆ ఖాళీని కడిగిన 20 మి.మీ. కంకరతో నింపండి. తొట్టికి జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) చుట్టకపోతే సన్నమట్టి లోపలికి చేరి మోటారును తినేస్తుంది.

గుంత ఒక్కటే తీస్తే ఆ మూల ఆరుతుంది, ఎదురుగోడ చెమ్మ మాత్రం అలాగే ఉంటుంది. నీరు ఊరే గోడల వెంబడి నేల కోసి, కంకరలో 100 మి.మీ. చిల్లుల పైపు పరిచి, మీటరుకు 1 సెం.మీ. వాలుతో గుంతలో కలపాలి. పనిలో ఎక్కువ శ్రమ ఇక్కడే. చాలామంది వదిలేసేదీ ఇదే.

ఇక మోటారు. పెద్దవాన రోజున గుంతలో నీరు నిమిషానికి ఎంత పెరుగుతోందో స్కేలుతో కొలవండి. 60 సెం.మీ. గుంతలో ఒక సెంటీమీటరంటే సుమారు 2.8 లీటర్లు. నిమిషానికి 10 సెం.మీ. పెరిగితే 28 లీటర్లన్నమాట. దానికి రెట్టింపు, అంటే నిమిషానికి సుమారు 60 లీటర్లు తోడేది చాలు. అయితే ఆ లెక్క మీ ఎత్తు దగ్గర కావాలి. గుంతలోని నీటిమట్టం నుంచి పైపు ఎక్కే గరిష్ఠ ఎత్తు వరకు కొలిచి, రాపిడికి మరో మీటరు కలిపి, మోటారుతో వచ్చే పట్టికలో ఆ ఎత్తు ఎదుట ఎన్ని లీటర్లున్నాయో చూడండి. పెట్టె మీద పెద్దక్షరాల్లో కనిపించే అంకెను నమ్మకండి. మామూలు ఇంటికి తరచుగా మూడో వంతు హార్స్‌పవరే సరిపోతుంది. అవసరానికి మించినది పెడితే క్షణాల్లో గుంత ఖాళీచేసి ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. మొదలైన ప్రతిసారీ కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక తొందరగా పాడవుతుంది.

మోటారును తొట్టి అడుగున ఇటుక మీద నిలబెట్టండి. నీటిమట్టాన్ని బట్టి మోటారును ఆన్-ఆఫ్ చేసే తేలే స్విచ్, అంటే ఫ్లోట్, తొట్టి గోడకు, వైరుకు తగలకుండా తిరగాలి.

ప్రశ్న: కొత్తగా బిగించిన మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోంది, నీళ్లు మాత్రం రావడం లేదు.

జవాబు: పైపులోని నీరు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ మీది బాణం గుర్తు పైకి ఉందా? ఉంటే, లోపల గాలి పట్టేసి ఉంటుంది. వాల్వ్ కింద చిక్కిన గాలిని ఈ తరహా మోటారు నెట్టలేదు. కరెంటు ప్లగ్ తీసేసి, మోటారుకు, వాల్వ్‌కు మధ్య పైపులో 3 మి.మీ. చిల్లు పెట్టండి. తర్వాత మోటారు ఆడినప్పుడల్లా అక్కడ సన్నటి ధార చిమ్ముతుంది. అది లీకు కాదు, మూయకండి.

ప్రశ్న: వానలు తగ్గినా మోటారు పదేపదే ఆడుతోంది. వాల్వ్ మార్చాలంటున్నారు.

జవాబు: మార్చేముందు లెక్క చూడండి. 40 మి.మీ. పైపు 3.5 మీటర్ల నిలువులో పట్టేది సుమారు 4.4 లీటర్లే. వాల్వ్ వదిలేసి అదంతా వెనక్కి పడినా, 60 సెం.మీ. గుంతలో మట్టం ఒకటిన్నర సెంటీమీటరు పెరుగుతుందంతే. ఇరుకు గుంతలో, దగ్గరదగ్గరగా ఆన్-ఆఫ్ అయ్యే ఫ్లోట్ ఉంటే తప్ప మోటారు లేవదు. బయట పైపు నీళ్లు ఎక్కడ వదులుతోందో చూడండి. గోడ పక్కనే అయితే తోడిన నీరే తిరిగొస్తోంది. అక్కడ కాస్త తినే రంగు కలపండి, గుంతలో కనబడితే అనుమానం తీరినట్టే. పైపును కనీసం 3 మీటర్ల దూరం, ఇంటి నుంచి పల్లం వైపు తీసుకెళ్లండి. మురుగు లైనుకో సెప్టిక్ ట్యాంకుకో కలపొద్దు. రంగు కనిపించకపోతే కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు తిరుగుతోందేమో గమనించండి. తిరుగుతుంటే నేలలోని మంచినీటి పైపు కారుతోంది.