149 డాలర్ల లెటర్‌తో కుక్కను అపార్ట్‌మెంట్‌లో ఉంచుకోవచ్చా?

ప్రశ్న: టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుని ఉంటున్నాం. నాది హెచ్1బీ, నా భార్యది హెచ్4. కాన్పు తర్వాత తను డిప్రెషన్‌తో బాగా కుంగిపోయింది. హైదరాబాద్‌లోని సైకియాట్రిస్ట్‌కు వీడియో కాల్‌లో చూపిస్తున్నాం. ఈమధ్య జర్మన్ షెపర్డ్ పిల్లను తెచ్చుకున్నాక కాస్త తేరుకుంది. ఆ జాతి కుక్కల్ని ఒప్పుకోమని లీజింగ్ ఆఫీస్ నోటీసిచ్చింది. వేరే కుక్కలకైనా 400 డాలర్ల డిపాజిట్, నెలనెలా పెట్ రెంట్ కట్టాలట. ఒక వెబ్‌సైట్ 149 డాలర్లకు ఎమోషనల్ సపోర్ట్ యానిమల్ (మానసిక ఊరట కోసం తోడుగా ఉంచుకునే జంతువు) లెటర్, ఐడీ కార్డు, కుక్కకు జాకెట్ ఇస్తామంటోంది. తీసుకోవచ్చా? వీసాకు ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఆ 149 డాలర్లు జేబులోనే ఉంచుకోండి. ఇలాంటి కుక్కల్ని నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ అమెరికాలో ఎక్కడా లేదు. లేనిదానికి కార్డు ఎవరు ఇచ్చినా అది ప్లాస్టిక్ ముక్కే. నాలుగు ప్రశ్నలకు టిక్కులు పెట్టించుకుని, డబ్బులు తీసుకుని ఇచ్చే కాగితాన్ని నమ్మక్కర్లేదని అక్కడి గృహనిర్మాణ శాఖ, అంటే హడ్, 2020 మార్గదర్శకాల్లోనే చెప్పింది (ఆ మార్గదర్శకాలను 2025లో ఉపసంహరించుకుంది). ఇక ఆ జాకెట్ మరీ ప్రమాదం. దాని మీద ‘సర్వీస్ డాగ్’ అని రాసి ఉండి, మీరు కుక్కను అలా చెప్పుకుని షాపులోకి తీసుకెళ్తే, 2023 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో 1,000 డాలర్ల దాకా జరిమానా, 30 గంటల సమాజ సేవ. సర్వీస్ డాగ్ అంటే ఫలానా పని చేయడానికి శిక్షణ పొందినది. మీ కుక్కపిల్ల అది కాదు, అద్దె ఇంటి విషయంలో కానక్కర్లేదు కూడా.

మీకు పనికొచ్చేది ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ యాక్ట్. 1968 నాటి ఈ చట్టంలో వైకల్యం ఉన్నవారికి రక్షణను 1988లో చేర్చారు. రోజువారీ బతుకును గట్టిగా దెబ్బతీసే మానసిక సమస్య కూడా అందులోకి వస్తుంది. ఆ సమస్యకు జంతువు తోడు అవసరమైతే, ఓనరు తన నిబంధనను సడలించాలి. అప్పుడది పెంపుడు కుక్క లెక్కలోకి రాదు కాబట్టి పెట్ డిపాజిట్, పెట్ రెంట్ అడగకూడదు. ‘ఈ జాతి వద్దు’ అన్న నియమమూ చెల్లదు. మీ కుక్కే ఎవరినైనా కరిచిందనో, మీద పడిందనో ఆధారం ఉంటే మాత్రం కాదనొచ్చు. కార్పెట్ పీకినా, బ్లైండ్స్ కొరికినా ఆ ఖర్చు మీదే.

ఇక లెటర్. ఆన్‌లైన్‌లో చూపించుకోవడం తప్పేం కాదు. సంతకం పెట్టేవారికి మీ భార్య పరిస్థితి నిజంగా తెలిసి ఉండాలి, అంతే. హైదరాబాద్ డాక్టర్ గారికి అది తెలుసు, నిజమే. కానీ ఆయన లైసెన్సును ఇర్వింగ్ లీజింగ్ ఆఫీస్ ఎక్కడని సరిచూసుకుంటుంది? అక్కడే మడతపేచీ పెడతారు. టెక్సస్ లైసెన్సున్న థెరపిస్ట్‌కో, సైకియాట్రిస్ట్‌కో, మీ ఫ్యామిలీ డాక్టర్‌కో చూపించండి. హైదరాబాద్ రిపోర్టులు కూడా పట్టుకెళ్లండి. మీ ఇన్సూరెన్స్‌లో ఎంతవరకు వస్తుందో కనుక్కోండి. పైగా ఆమెకు లెటర్ కన్నా ముందు కావాల్సింది వైద్యం కదా.

లెటర్‌హెడ్, తేదీ, లైసెన్సు నంబర్, సంతకం ఉండాలి. ఆమె తన దగ్గర వైద్యం తీసుకుంటోందని, రోజువారీ జీవితాన్ని దెబ్బతీసే సమస్య ఉందని, ఈ కుక్క తోడు ఆ లక్షణాలను తగ్గిస్తోందని రాస్తే చాలు. జబ్బు పేరు రాయక్కర్లేదు. మెడికల్ రికార్డులు చూపించమని ఓనరు అడగకూడదు.

లెటర్ వచ్చేదాకా ఆగకుండా, నోటీసుకు జవాబుగా ఇవాళే మీ భార్య పేరుతో ఈమెయిల్ పెట్టండి: వైకల్యం కారణంగా రీజనబుల్ అకామడేషన్, అంటే నిబంధనలో సడలింపు, కోరుతున్నానని, డాక్టర్ లెటర్ త్వరలో ఇస్తానని. కుక్కను తెచ్చాక అడిగినా చట్టం ఒప్పుకుంటుంది. కౌంటర్ దగ్గర నోటితో చెప్పి వచ్చేస్తే రేపు మేనేజర్ మారాక మీ మాటకు రుజువుండదు.

వీసా సంగతి. ఈ చట్టం పౌరసత్వం చూడదు, హెచ్4 వాళ్లకూ వర్తిస్తుంది. ఇది మీకూ ఓనరుకూ మధ్య వ్యవహారం, ఇమ్మిగ్రేషన్ దరఖాస్తు కాదు. అయితే ఇండియా ప్రయాణానికి ఈ లెటర్ అక్కరకు రాదు. 2021 జనవరి నుంచి విమాన సంస్థలు ఇలాంటి జంతువులను మామూలు పెంపుడు జంతువులుగానే చూడొచ్చు.

రేపు ఇల్లు మారితే ఒక జాగ్రత్త. మనవాళ్లలో చాలామంది వాట్సాప్ గ్రూపులో చూసి, తెలిసినవాళ్ల ఇల్లే అద్దెకు తీసుకుంటారు. మూడిళ్లకు మించి లేని ఓనరు, ఏజెంట్ లేకుండా సొంతంగా విడి ఇల్లు అద్దెకిస్తే ఈ చట్టం నుంచి మినహాయింపు ఉంది. నాలుగు వాటాలకు మించని భవనంలో ఓనరూ కాపురముంటే అదీ అంతే. అక్కడ లెటర్ చూపించి వాదించలేరు, ముందే మాట్లాడుకోవాలి. మీ అపార్ట్‌మెంట్‌కు ఈ మినహాయింపులు రావు.

లెటర్ ఇచ్చాక కూడా కాదంటే, ఆ కాదన్నదేదో రాసివ్వమనండి. ఆ రోజు నుంచి ఏడాది లోపు హడ్‌కు, ఖర్చు లేకుండా, ఫిర్యాదు చేయొచ్చు. ఫెడరల్ కోర్టుకు వెళ్లాలంటే రెండేళ్ల గడువుంది. ఈలోగా నోటీసు కాస్తా ఇల్లు ఖాళీ చేయించే ఎవిక్షన్ కేసుగా మారితే మాత్రం ఆగొద్దు. టెక్సస్‌లో ఆ కేసులు చాలా వేగంగా విచారణకు వస్తాయి. లీజు కాగితం, ఈమెయిళ్లు తీసుకుని వెంటనే అక్కడి లాయర్‌ను కలవండి.