ఇంటర్నెట్ ల్యాండ్‌లైన్: తక్కువ ఖర్చులో ఏది తీసుకోవాలి?

పాత రాగి తీగ ల్యాండ్‌లైన్ తీసేసి, ఊళ్ళో అమ్మానాన్నలకి ఇంటర్నెట్‌తో నడిచే ఫోన్ పెట్టించాలంటే ఏది చవక అని అడిగారు కదా. ఇంట్లో ఇప్పటికే ఫైబర్ నెట్ ఉంటే ముందు ఆ ప్లాన్ చూడండి. జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ చాలా ఫైబర్ ప్లాన్లలో దేశమంతా అపరిమిత కాల్స్ కలిపే ఇస్తాయి, అంటే విడిగా ఫోన్ కోసం పైసా కట్టక్కర్లేదు, మామూలు ఫోన్ సెట్ ఒకటి కొని దాని వైరు మోడెం వెనక ఫోన్ పోర్టులో పెడితే చాలు. ప్లాన్ ధర మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, అది కలిపి లెక్కేసుకోండి. స్పీడ్ గురించి టెన్షన్ వద్దు, ఒక కాల్‌కి సుమారు 100 కేబీపీఎస్, అంటే ఒక ఎంబీపీఎస్‌లో పదో వంతు, సరిపోతుంది.

అసలు చూసుకోవాల్సింది కరెంటు. పాత ఫోన్‌కి ఎక్స్ఛేంజ్ నుంచే కరెంటు వచ్చేది, దీనికి రాదు. ఊళ్ళో మా ఇంట్లో ఓ వానరాత్రి కరెంటు పోగానే ఫోన్ మూగబోయింది, నాన్న ఎన్నిసార్లు ఎత్తినా డయల్ టోన్ లేదు, నాకేమో ఇక్కడ ప్రాణం కొట్టుకుంది. మర్నాడే మోడెంకి 12 వోల్టుల మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా మోడెంని నడిపే చిన్న బ్యాటరీ పెట్టె, పెట్టించాను. దయచేసి మీరు మొదటి రోజే పెట్టించండి, కొనేముందు మోడెం అడాప్టర్ మీద వోల్టులు చూసుకోండి.

బీఎస్ఎన్ఎల్ పాత నంబరు బంధువులందరికీ నోటికొచ్చి ఉంటే, అదే నంబరుతో ఫైబర్‌కి మార్చమని అడగండి. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలి, 2021 జనవరి నుంచి ఇదే నియమం. పెద్దవాళ్ళకి కాగితం మీద రాసి ఫోన్ పక్కన అంటించండి.