వంటింటి గట్టు మీద టైల్స్ మనమే వేసుకోవచ్చా? వేసి, పీకి, మళ్లీ వేసినవాడి మాట

ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్‌లో పాత ఇల్లు కొన్నామని, వంటింటి గట్టు సింకు దగ్గర ఉబ్బిందని, క్వార్ట్జ్ రాయి వేయడానికి రెండు వేల పౌండ్ల పైనే అడుగుతున్నారని రాశావు. దాని బదులు టైల్స్ మనమే వేసుకోవచ్చా అన్నావు. వేసుకోవచ్చు తమ్ముడూ. రెండు వేల పౌండ్లని ఒక్కసారి రూపాయల్లోకి మార్చి చూడు, నిద్ర పట్టదు. నేను 2010లో రెడింగ్‌లో ఇల్లు కొన్నప్పుడు పౌండు 70 రూపాయల చుట్టూ ఉండేది, అయినా నాకు పట్టలేదు. ఇప్పటికీ ఉల్లిపాయలు కొన్నా మనసులో గుణించుకుంటాను, మా ఆవిడ తిడుతుంది, అది వేరే సంగతి.

నేను చేసిన మొదటి తప్పు మన తెనాలి ఇళ్ల లెక్కలో ఆలోచించడం. మనకి గట్టంటే కడప బండో గ్రానైటో, సిమెంటు వేసి ఏది అతికించినా కదలదు. ఇక్కడి గట్టు లోపల ఉండేది చెక్కపొట్టుని జిగురుతో అదిమిన చిప్‌బోర్డు, పైన పల్చటి లామినేట్ పొర, అంతే. నీళ్లు తగిలితే నానిన అటుకులే. చిన్నప్పుడు మా మేస్త్రీ పని దగ్గరుండి చూశాను కదా అన్న ధీమాతో, నున్నటి లామినేట్ మీదే జిగురు పూసి టైల్స్ అంటించేశాను. సింకు తీయకుండా దాని అంచు దాకా ముక్కలు కోసి పెట్టి, ప్లంబర్ కూలి మిగిలిందని మురిసిపోయాను కూడా. ఎనిమిది నెలలకి సింకు పక్క టైల్ మీద చెయ్యి వేస్తే కదిలింది. లేపితే కింద ఉప్మా. పోయింది 140 పౌండ్లు, అంటే 9,800 రూపాయలు, ఇంకా గుర్తే.

అందుకని ఉబ్బిన ముక్క ముందు మార్చు, దాని మీద టైల్స్ వేస్తే డబ్బు సింకులో పోసినట్టే. సింకు తీసెయ్. గట్టు మీద 6 మి.మీ. సిమెంటు బోర్డు (షాపులో టైల్ బ్యాకర్ బోర్డు అని అడుగు) జిగురు, స్క్రూలు పెట్టి బిగించి, ఫ్లెక్సిబుల్ అని రాసిన జిగురు పళ్ల తాపీతో పరుచుకో. గోడకి వేసే మెత్తటి సెరామిక్ వద్దు, పోర్సెలిన్ తెచ్చుకో. రోకలి జారి నా సెరామిక్‌వి రెండు పగిలాయి. ముందు జిగురు లేకుండా పేర్చి చూసుకో, నిండు టైల్ మన వైపు, కోసిన ముక్క గోడ వైపు. రసమట్టం పెడుతూ ఉండు, లేకపోతే రేపు పిండి రుబ్బే గ్రైండర్ ఊగుతుంది. కటింగ్ మిషన్ మాత్రం కొనకు, మీ ఊరి తెలుగువాళ్లలో ఎవరో ఒకరి షెడ్డులో దుమ్ము పట్టి ఉంటుంది.

టైల్స్ మధ్య సందుల దగ్గర నా కక్కుర్తి ఇంకా ఘోరం. చవగ్గా వస్తుందని తెల్ల సిమెంటు గ్రౌట్ (సందులు పూడ్చే ముద్ద) నింపాను. మొదటి వారమే పులిహోర కలిపిన గిన్నె అక్కడ పెట్టారు. టూత్‌బ్రష్‌తో రెండు గంటలు రుద్దినా పసుపు పోలేదు. ఇక్కడివాళ్లకి టీ మరకే పెద్ద మరక, వాళ్ల వీడియోలు చూసి మోసపోకు. ఎపాక్సీ గ్రౌట్ (సిమెంటు బదులు రెజిన్‌తో చేసింది) కొను. ఖరీదు ఎక్కువే, ఇక్కడ మాత్రం పెట్టు. జిగురుకి ఒక రోజు ఆగి, కొంచెం కొంచెమే కలిపి, నింపిన వెంటనే తుడుచుకుంటూ పో, గట్టిపడ్డాక గీకినా రాదు. సందు 3 మి.మీ. మించనివ్వకు, గ్రౌట్ ఖర్చూ తగ్గుతుంది, పసుపుకి చోటూ తగ్గుతుంది. గోడ కలిసే చోట, సింకు చుట్టూ మాత్రం గ్రౌట్ కాదు, రబ్బరులా సాగే సిలికాన్ పెట్టు.

గ్యాస్ హాబ్ (గట్టులో బిగించిన పొయ్యి) తీసి పెట్టే పని గ్యాస్ సేఫ్‌లో (ఇక్కడ గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితా) నమోదైనవాళ్లదే, ఆ కూలి దగ్గర లెక్క చూడకు. రూల్స్ వాళ్ల సైట్‌లో ఉంటాయి, చదువుకో.

టైల్స్ పది శాతం ఎక్కువ తీసుకో, డబ్బాల మీద బ్యాచ్ నంబరు ఒకటేనా చూసుకో, లేకపోతే రంగులో తేడా వస్తుంది. విప్పని డబ్బాలు చాలా షాపులు వెనక్కి తీసుకుంటాయి, రసీదు దాచు. విప్పినదాంట్లో మిగిలిన నాలుగు టైల్స్ అటక మీద పెట్టు, మీ ఇంట్లోనూ రోకలి ఉంటుందిగా.