రేడియేషన్ తర్వాత పన్ను తీయించాం.. దవడ ఎముక బయటపడింది, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 61 ఏళ్లు. పొగాకు బ్యారన్ల దగ్గర పని, నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది. మూడేళ్ల కిందట ఎడమ బుగ్గలో క్యాన్సర్ అంటే చెన్నైలో ఆపరేషన్ చేసి, ఆరు వారాలు కరెంటు (రేడియేషన్) పెట్టారు. తర్వాత బాగానే ఉన్నారు. ఐదు నెలల కిందట ఎడమవైపు కింది పన్ను కదులుతోందని ఇక్కడే తీయించాం. ఆ గుంట ఇప్పటికీ పూడలేదు. లోపల ఎముక పసుపు రంగులో కనపడుతోంది, నాలుక తగిలితే గుచ్చుకుంటోందంటున్నారు. వాసన కూడా వస్తోంది. నోట్లో రెండు వేళ్లు పట్టడం కష్టంగా ఉంది. షుగర్ ఉంది. మళ్లీ క్యాన్సరేనా? ఆక్సిజన్ చాంబర్లో కూర్చోబెడితే మానుతుందని ఒకాయన చెప్పారు, నిజమేనా?
- ఒక పాఠకుడు, కొండపి, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది ఆస్టియోరేడియోనెక్రోసిస్ కావచ్చు. అంటే రేడియేషన్ తగిలిన ఎముక చచ్చుబడి, మానే శక్తి పోగొట్టుకోవడం. ఎముక బయటపడి మూడు నెలలు దాటినా మూసుకోకపోతే, అక్కడ క్యాన్సర్ లేదని తేలాకే ఈ మాట అంటాం. మీ నాన్నగారి విషయంలో అది ఇంకా తేలలేదు. మానని పుండు, వాసన, నోరు తెరుచుకోకపోవడం.. ఇవన్నీ క్యాన్సర్ తిరగబెట్టినప్పుడూ ఉంటాయి. కాబట్టి ముందు ఆపరేషన్ చేసిన చోటికే తీసుకెళ్లండి. ఓపీజీ ఎక్స్‌రే (రెండు దవడలూ ఒకేసారి కనపడేది), సీటీ స్కాన్ చేస్తారు, అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఈ వారంలోనే వెళ్లండి, పండగయ్యాక చూద్దాం అనుకోవద్దు.

వెళ్లేటప్పుడు పాత ఫైలు మరిచిపోవద్దు. అందులో రేడియేషన్ ఎంత ఇచ్చారో 'గ్రే'లలో రాసి ఉంటుంది. రేడియేషన్ మోతాదును కొలిచే లెక్క అది. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలంటే సాధారణంగా 30 సిట్టింగుల్లో 60 గ్రే. దవడకు అంత మోతాదు తగిలితే ముప్పు బాగా ఎక్కువ. కింది దవడ ఎముక గట్టిది, రక్తం చాలావరకు ఒకే నాళం నుంచి అందాలి. పై దవడకు నాలుగు వైపుల నుంచి అందుతుంది కాబట్టి అక్కడ ఈ సమస్య తక్కువ. రేడియేషన్‌తో సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. పన్ను ఊడిన గుంటను పూడ్చే బలం ఆ ఎముకకు ఉండదు. మూడేళ్లయింది కదా, ఇంకేం భయం అనుకుంటారు చాలామంది. ఈ ముప్పు జీవితాంతం ఉంటుంది. పన్ను తీసినాయన్ను తిట్టుకుని లాభం లేదు. కరెంటు పెట్టిన సంగతి ఆయనకు చెప్పారో లేదో మీరు రాయలేదు.

ఇక ఆక్సిజన్ చాంబర్. ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ పీల్పించే గది అది. రోజుకు గంటన్నర చొప్పున 30, 40 సిట్టింగులు కూర్చోవాలి. ఫ్రాన్స్‌లో ఇదే జబ్బు మీద చేసిన పరిశోధనను, మేలు కనపడక మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. పన్ను తీసే ముందు ఇస్తే జబ్బు రాకుండా ఆపుతుందేమోనని బ్రిటన్‌లో చూస్తే, 2019లో వచ్చిన ఫలితాల్లో ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ తేడా లేదు. కొన్ని పెద్ద ఆపరేషన్లకు తోడుగా ఇప్పటికీ వాడే డాక్టర్లున్నారు. మీ నాన్నగారిని మాత్రం అప్పు చేసి ముందుగా అక్కడికి తీసుకెళ్లమని నేను చెప్పను.

క్యాన్సర్ లేదని తేలి, ఎముక కొద్దిగానే బయటపడి ఉంటే చాలాసార్లు పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు. శుభ్రం చేయడం, గుచ్చుకునే అంచును నున్నగా చేయడం, ఊడివచ్చే చచ్చిన ముక్కను తీయడంతో కొందరికి మూసుకుంటుంది. పెంటాక్సిఫిలిన్ మాత్ర, విటమిన్ ఇ కలిపి నెలల తరబడి ఇస్తాం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు, ఈమధ్య మెదడులో రక్తస్రావమైనవాళ్లకు ఈ మాత్ర ప్రమాదం. మెడికల్ షాపులో అడిగి కొనకండి. యాంటీబయాటిక్ కూడా అంతే. చీము, వాపు ఉన్నప్పుడే పని, చచ్చిన ఎముకను అది బతికించదు. అదే దవడ కింది అంచు దాకా పాడైనా, చర్మం మీద రంధ్రం పడి చీము కారుతున్నా, ఎముక విరిగినా ఆ భాగం తీసేసి కాలి నుంచి ఫిబులా ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి అమరుస్తారు. వినడానికి భయంగా ఉంటుంది గానీ, ఆ దశలో మందులతో కాలం గడపడం కంటే ఇదే మేలు. చాలా గంటలు పట్టే ఆపరేషన్, ఇది తరచూ చేసే చోటే చేయించాలి. రాష్ట్ర ప్రభుత్వ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏమేరకు వస్తుందో ఆస్పత్రిలోని ఆ డెస్క్‌లోనే అడగండి.

ఇంట్లో చేయాల్సింది: చుట్ట ఇంకా ఉంటే ఈ రోజే మానిపించండి, ఖైనీ కూడా. షుగర్ అదుపులో పెట్టండి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంట సోడా, దానిలో సగం ఉప్పు వేసి తిన్న ప్రతిసారీ పుక్కిలించమనండి. ఆ గుంటలో లవంగ నూనె, పసుపు, నాటు మందు ఏదీ పెట్టొద్దు. ఎముక ముక్క కదులుతున్నా చేత్తో గానీ పట్టకారుతో గానీ లాగొద్దు. స్కాన్ అయ్యేదాకా జంతికలు, చెరకు ముక్కలు, ఎముకలున్న మాంసం వద్దు. మెత్తటి పప్పన్నం, గుడ్డు, రాగి జావ, ముళ్లు తీసిన చేప పెట్టండి. నోరు తెరిచే వ్యాయామం మంచిదే, కానీ దవడ విరిగే ప్రమాదం లేదని డాక్టర్ చెప్పాకే. కింది పెదవి మొద్దుబారినా, ఉన్నట్టుండి పళ్లు ఒకదానికొకటి కలవకపోయినా, రక్తం ధారగా కారినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

మిగిలిన పళ్ల సంగతి. రేడియేషన్‌తో లాలాజలం తగ్గితే పళ్లు త్వరగా పుచ్చుతాయి. ఏ పన్ను కదిలినా క్యాన్సర్ డాక్టర్‌ను అడగకుండా తీయించొద్దు. వీలైతే రూట్ కెనాల్ చేసి పన్నును నిలబెడతారు. డెంటిస్టు ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్టు రాయొచ్చు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పడ్డ బాధ చూసి మన జిల్లావాళ్లు ఆ పేరంటేనే జంకుతారు. ఆ హాని ఏళ్ల తరబడి తాగిన నీళ్ల వల్ల వచ్చింది. ఈ పేస్టు పంటి పైన పనిచేసేది. మింగకుండా ఉమ్మేయాలి, నోరు మాత్రం వెంటనే కడిగేయకూడదు.