ప్రసంగం వింటే కోపం వస్తోంది. నా విశ్వాసంలోనే లోపం ఉందా?

క్షమాపణ మీద పాస్టరుగారు చెప్పిన మాటకు ఒళ్ళు మండిందని, చర్చి మానేయాలనిపిస్తోందని, ఇలా కోపం రావడమే అవిశ్వాసమా అని అడిగారు. కాదండీ. నాకూ రెండుసార్లు వచ్చింది. ఆ రెండు కోపాలూ ఒకటి కాదు.

మొదటిసారి ప్రసంగం మత్తయి 5:23, 24 మీద. అర్పణ పెట్టబోయే ముందు సహోదరుడి సంగతి గుర్తొస్తే, దాన్ని అక్కడే వదిలి వెళ్ళి ముందు అతనితో సమాధానపడమని యేసు చెప్పిన మాట. అప్పటికి మా అన్నయ్యతో మాటల్లేక రెండేళ్ళు. కానుక కవరు అంచు చెమటకు మెత్తబడేదాకా నలుపుతూ కూర్చున్నాను. మా ఇంటి గొడవ ఎవరో పాస్టరుగారి చెవిన వేశారని నా అనుమానం. ఆఖరి ప్రార్థన కాకముందే లేచి వచ్చేశాను. మూడు వారాలు అటు వెళ్ళలేదు.

ఒక రాత్రి ఆ వచనాలు మళ్ళీ చదివాను, తప్పు పట్టుకుందామనే. అక్కడ ఉన్నది అన్నయ్య మీద నాకున్న కోపం గురించి కాదు, నా మీద అతనికేదైనా ఉంటే అని. రెండేళ్ళూ నాకు జరిగిన అన్యాయాన్నే లెక్కపెట్టుకున్నాను, అతని వైపు లెక్క ఒక్కసారీ చూడలేదు. ఫోన్ చేశాను. మొదటి రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

యిర్మీయా 36లో రాజైన యెహోయాకీము, యిర్మీయా ప్రవక్త చెప్పిన దేవుని మాటలు రాసిన గ్రంథపుచుట్టను చదివించుకుంటూ, మూడు నాలుగు పుటలు అవగానే చాకుతో కోసి కుంపటిలో వేస్తాడు. అతని తండ్రి యోషీయా మాత్రం ధర్మశాస్త్ర గ్రంథం వినగానే బట్టలు చింపుకున్నాడు. ఆ మూడు వారాలు నా చేతిలో ఉన్నది చాకే.

రెండోసారి సంగతి వేరు. అమ్మ మంచాన పడ్డప్పుడు ప్రార్థనకు వచ్చిన ఒక బోధకుడు, విశ్వాసం ఉంటే ఈపాటికి లేచి నడిచేదన్నాడు. అమ్మ ఏమీ అనకుండా గోడవైపు తిరిగి పడుకుంది. నాకు చేతులు వణికాయి. ఆయన వెళ్ళాక బైబిల్ తీశాను. పుట్టు గుడ్డివాడి విషయంలో పాపం ఎవరిదని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదన్నాడు యేసు (యోహాను 9). శరీరంలో ముల్లులాంటి బాధను తీసేయమని అపొస్తలుడైన పౌలు మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. ఆయన శిష్యుడు తిమోతికి తరచూ జబ్బు చేసేది. వీళ్ళకు విశ్వాసం లేదని ఎవరనగలరు? అవన్నీ అమ్మ పక్కన కూర్చుని చదివాను. ఆ కోపానికి నేను ఈరోజుకీ పశ్చాత్తాపపడను.

అపొస్తలుల కార్యములు 17లో బెరయ అనే ఊరివాళ్ళు పౌలు మాటను ఆసక్తితో విన్నారు, అది నిజమో కాదో రోజూ లేఖనాల్లో వెతికి చూసుకున్నారు. అలా వెతికినందుకు వాళ్ళను ఘనులన్నారే తప్ప ఎవరూ తప్పుపట్టలేదు.

మీరూ కోపం తెప్పించిన ఆ ఒక్క వాక్యాన్ని విన్నది విన్నట్టు రాసుకోండి. మన మనసు దానికి ఎన్నో కలిపేస్తుంది. ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను: క్షమించమనడం వేరు, కొడుతున్న మనిషి దగ్గరే పడి ఉండమనడం వేరు. మీరు విన్నది రెండోదైతే ముందు క్షేమంగా ఉండే చోటికి వెళ్ళండి, చర్చ తర్వాత. అది కాకపోతే ఓ వారం ఆగి, ఆ కాగితం తీసుకుని పాస్టరుగారి దగ్గరికే వెళ్ళి, ఈ మాట వాక్యంలో ఎక్కడుందో చూపించమని అడగండి.